ఎర్రసిరాతో కట్టిన వంతెన

తెనాలి,
12-8-1967

చెల్లెలు రాఘవమ్మని దీవించి బసవేశ్వరరావు రాసేది.

అసలు ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పోయిన నెల నేను రాసినదానికి నువ్వు జవాబివ్వలేదు. అన్ననైనా నాకూ పౌరుషం ఉంటుంది. పైగా నా కళ్ళజోడు కాడ ఒకటి విరిగింది. దారం కట్టి చెవికి తగిలించుకుంటే తల ఒక్క పక్కకే తిరుగుతుంది. మీ వదిన హైమావతి చూసి, "అంత అవస్థ పడి రాయకపోతే రేపల్లె రైలు ఆగిపోద్దా ఏంటి?" అంది. ఆ మాట అనకపోతే మానేసేవాణ్ణే. అన్నాక కూచున్నాను.

సంగతేమిటంటే, మొన్న బుధవారం బాపట్ల వెళ్ళి పెద్దాయన ఉపన్యాసం విన్నాను. పెద్దాయనంటే ఎవరని నువ్వు అడగవు గానీ మీ ఊళ్ళో ఎవరైనా అడిగితే చెప్పు. ఢిల్లీలో పదేళ్ళు మంత్రి పని చేసి, ఒకనాడు తనంతట తనే రాజీనామా కాగితం ఇచ్చేసి, ఇంటికొచ్చి పెరట్లో వంగతోట వేసుకున్న మనిషి. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఇప్పటికీ ఎవరు పిలిచినా వెళ్ళి మాట్లాడతాడు.

వెళ్ళేటప్పుడు రైల్లో, నిడుబ్రోలులో పొగాకు కట్ట చంకన పెట్టుకుని ఒకాయన ఎక్కాడు. ఎక్కిన దగ్గర్నుంచీ దేశంలో ధైర్యవంతులంటే పంజాబు వాళ్ళేనని వాదన. మనవాళ్ళేం తక్కువ అన్నాను నేను. "మీరు ఎప్పుడైనా యుద్ధానికెళ్ళారా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు రైస్ మిల్లులో ఇంజను నడిపాను, అదీ యుద్ధమే అన్నాను. ఆయన ఇంకేదో అనబోయేంతలో టిక్కెట్లు చూసేవాడు వచ్చాడు. ఆ ధైర్యశాలి పొగాకు కట్టతో సహా అవతలి పెట్టెలోకి దూకాడు.

సభకి కరపత్రం వేశారు. "ధైర్యము, శ్రమ, జాతి శీలము" అని విషయం. నేను వేదికకి ఎంత దగ్గరగా ఉన్నానంటే, ఆయనకీ నాకూ మధ్య ఒక్క గుడ్డ తెరే అడ్డం. ఆయన మాటలు నా మాటల్లో కలిసిపోకుండా ఎర్రసిరాతో వేరే రాస్తున్నాను చూడు.

"ధైర్యం ఛాతీలో ఉండదు, కాళ్ళలో ఉంటుంది. అందరూ వెళ్ళిపోయాక ఎవరి కాళ్ళు నిలబడతాయో వాళ్ళే ధైర్యవంతులు."

"శ్రమ అంటే చెమట పట్టడం కాదు. చెమట ఆరాక మళ్ళీ లేవడం."

ఎలా ఉన్నాయి? యలమంద బావగారికి చదివి వినిపించు. ఆయన ఏమీ అనరనుకో, అయినా వినిపించు.

నీ అన్న,
బసవేశ్వరరావు


అడవులదీవి శివారు,
26-8-1967

అన్నయ్యకి రాఘవమ్మ నమస్కారాలు. చెప్పేది నేను, రాసేది మా బడి పంతులమ్మ రిబ్కా. నాకు దగ్గరవి కనపడవు. కాలవ అవతల ఎవరి గేదె ఎవరి గట్టు మీద మేస్తుందో మాత్రం బాగా కనపడుతుంది.

నీ పౌరుషం సంగతి చదివించుకుని మీ బావ నవ్వారు. జవాబు ఎందుకు రాయలేదో చెప్తాను విను. మా వంతెన కూలిపోయింది. నువ్వెరిగిన మురుగు కాలవే. మామూలప్పుడు మోకాలి లోతు. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్ళు ఎదురెక్కి మనిషి లోతవుతాయి. ఊరి చేలు సగం అవతలే ఉన్నాయి. మావి పదకొండు ఎకరాలు, పక్క చేను లాజరుది ఎకరన్నర, ఇంకా ముప్ఫై ఇళ్ళవాళ్ళవి. నారు తాటిదోనెలో వేసుకెళ్ళి నాట్లు వేసొచ్చాం. నారు దోనెలో వెళ్తుంది గానీ పంట దోనెలో రాదు. కోతల నాటికి బండి దాటకపోతే కుప్పలు అవతలే వానకి తడిసి మొలకెత్తుతాయి. రేపల్లె కాలవల ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళాం. "వచ్చే ఏడు చూద్దాంలేమ్మా" అంటున్నాడు అక్కడి ఆఫీసాయన. వచ్చే ఏడు దాకా వడ్లు ఆగుతాయా?

నువ్వు ఆ పెద్దాయనకి అంత దగ్గరివాడివి కదా, ఒక్క తెరే అడ్డం అన్నావు కదా. ఆ తెర పక్కకి లాగి మా వంతెన సంగతి ఒక్క ముక్క చెప్పు.

మీ బావకి ఎర్రమాటలు వినిపించాను. "ఊఁ" అన్నారు.

రాఘవమ్మ

(అయ్యగారూ, ఇది రిబ్కా సొంతంగా రాస్తున్నది. కాళ్ళలో ధైర్యం అన్న ముక్క చాలా బాగుందండి. కత్తిరించి బడి గోడకి అంటించాను. రాఘవమ్మగారికి కత్తిరించాక చెప్పాను.)


తెనాలి,
6-9-1967

రాఘవమ్మకి,

నీ ఉత్తరం చదివి మనసు పాడైంది. కానీ అమ్మాయ్, నువ్వనుకున్నంత తేలిక కాదు. ఆయన ఇప్పుడు పదవిలో లేడు. వంగతోటలో ఉన్న మనిషి దగ్గరికెళ్ళి వంతెన కావాలంటే, రెండు వంకాయలిచ్చి పంపిస్తాడు.

అయితే ఒక సంగతి. నీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. ఆయన అచ్చంగా ఇలాంటి విషయమే ఆ రోజు మాట్లాడాడు.

"సర్కారు వచ్చి చేస్తుందని కూచున్న ఊరు, పెళ్ళికొడుకు కుదరకుండానే పందిరి వేసుకున్న ఇల్లు. ఎవరి కాలవ మీద వాళ్ళే వంతెన వేసుకోవాలి."

"మన జాతి శీలం ఒక్క ముక్కలో చెప్పమంటే, పట్టింది వదలకపోవడం."

చూశావా, కాలవ అనే అన్నాడు. మహానుభావులకి ముందే తెలుస్తుంది. హైమావతి ఇది చదివి, "గంట ఉపన్యాసంలో ఆయన ఇన్ని మాటలు చెప్పాడా? నాకు మీరు వచ్చిన రోజు రెండే చెప్పారే" అంది. ఆడవాళ్ళకి ఉపన్యాసాల సంగతి ఏం తెలుసు.

శ్రమ అంటే జ్ఞాపకం వచ్చింది. మా మిల్లు ఇంజను స్టార్ట్ చెయ్యాలంటే పెద్ద చక్రాన్ని ముగ్గురు పట్టి తిప్పాలి. మొదటి తిప్పుకి ముగ్గురూ ఊగిపోతారు. రెండో తిప్పుకి ఒకడు బీడీ వెతుక్కుంటాడు. మూడో తిప్పుకే ఇంజను అందుకుంటుంది. ఆ మూడో తిప్పు ముప్ఫై ఏళ్ళూ నేనే తిప్పాను. నా భుజం నొప్పి అదే. నొప్పి కుడి భుజమా ఎడమ భుజమా అని మీ వదిన అడుగుతుంది, నేను ఒక్కోసారి ఒక్కోటి చెప్తానట.

బావగారికి నమస్కారం.

బసవేశ్వరరావు


అడవులదీవి శివారు,
24-9-1967

అన్నయ్యా,

నీ రుణం తీర్చుకోలేం. పెద్దాయనకి చెప్పనంటూనే చెప్పి, హుకుం తెప్పించావు. నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే, పని చేసి పెట్టి చెయ్యలేదంటావు.

ఎలా జరిగిందంటే, నీ ఉత్తరం రిబ్కా బళ్ళో చదువుతుంటే లాజరు కిటికీలోంచి చూశాడు. చూసి, "పంతులమ్మా, అది ఎర్రసిరా కదా?" అన్నాడు. అవునంది. "ఎర్రసిరా అంటే పైనించి వచ్చింది కదండీ" అన్నాడు. నిజమే కదా. బడి తనిఖీ ఆయన ఎర్రసిరాతో రాస్తాడు. తాశిల్దారు ఎర్రసిరాతో గీస్తాడు. మామూలోళ్ళు ఎర్రసిరాతో రాయడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. అరగంటలో ఊరంతా బడి దగ్గర ఉన్నారు. "ఎవరి కాలవ మీద వాళ్ళే వంతెన వేసుకోవాలి" అని రిబ్కా మూడుసార్లు చదివింది. మూడోసారికి అందరూ తలగుడ్డలు చుట్టేశారు.

లాజరు తాటిచెట్ల పనిలో గట్టివాడు. నిలువు గుంజలు కాలవలో దిగేసి, వాటి మీద తాటిదుంగలు పొడుగునా వేసి, అడ్డంగా చీల్చిన దుంగలు పరిచి, పైన గడ్డీ మట్టీ వెయ్యాలన్నాడు. మొదటి రోజు నలభై మంది వచ్చారు. కొబ్బరికాయ కొట్టాం. ఇరవై చెట్లు పడగొట్టారు. మీ బావ ఒక్కరే ఆరు చెట్లు గట్టు దాకా ఈడ్పించారు, ఎద్దులతో.

పెద్దాయనకి మా అందరి దణ్ణాలు చెప్పు.

రాఘవమ్మ

(అయ్యగారూ, "పెళ్ళికొడుకు కుదరకుండా పందిరి" అన్న ముక్క కూడా మిగతా ఎర్రమాటలతో పాటు గోడ మీదే ఉందండి. పెళ్ళి కుదరాల్సినవాళ్ళు కొందరు కాస్త నొచ్చుకున్నారు. - రిబ్కా)


తెనాలి,
3-10-1967

రాఘవమ్మకి,

ఉత్తరం అందింది. ఒక పక్క సంతోషం, ఒక పక్క గాభరా. అమ్మాయ్, అది హుకుం కాదు. అభిప్రాయం. పెద్ద మనుషులు సభల్లో అభిప్రాయాలు చెప్తారు, విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, తర్వాత అందరూ ఇళ్ళకెళ్తారు. ఎవరూ చెట్లు కొట్టరు. ఈ సంగతి మీ ఊరివాళ్ళకి నెమ్మదిగా చెప్పు. కాలవకి అడ్డంగా దుంగలు వేస్తే ఆఫీసువాళ్ళు ఊరుకోరు.

అయితే మొదలుపెట్టారు కాబట్టి, ఉత్సాహం పోకుండా ఆయన మాట ఇంకొకటి పంపుతున్నాను.

"గుంజ పాతినవాడు కాదు, చివరి దుంగ పరిచినవాడే దేశభక్తుడు."

పైన చెప్పిన జాగ్రత్త మాత్రం మర్చిపోకు.

కళ్ళజోడు బాగుచేయించాను. ఇప్పుడు తల రెండు పక్కలా తిరుగుతుంది. తిప్పి చూడవలసినవి మాత్రం పెద్దగా లేవు.

బసవేశ్వరరావు


అడవులదీవి శివారు,
25-10-1967

అన్నయ్యా,

నీ జాగ్రత్త బళ్ళో చదివించాను. "అది నీలం సిరా కదా, ఆయన సొంత గొడవ" అన్నారు. ఎర్రది మాత్రం అంటించారు.

కానీ పని నడవడం లేదు. మొదటి వారం నలభై మంది. రెండో వారం పద్నాలుగు మంది. దసరా వెళ్ళాక ముగ్గురు. లాజరు, మీ బావ, నేను. ఎవరినన్నా పిలిస్తే, "కొబ్బరికాయ కొట్టేశాం కదమ్మా, ఇంక అయిపోతుంది లెండి" అంటారు. దానంతటదే అయిపోతుందన్నట్టు. గుంజలు దిగాయి. పొడుగు దుంగలు పడ్డాయి. మనిషి నడుస్తాడు, బండి నడవదు. పైన పరిచే పనంతా అలాగే ఉంది.

మొన్న కాలవల ఆఫీసాయన సైకిలేసుకుని వచ్చాడు. "ఎవరిచ్చారు మీకు అనుమతి? కాలవకి అడ్డంగా ఇదేంటి? రేపే పీకించేస్తా" అని అరిచాడు. నేను బడికి తీసుకెళ్ళి గోడ చూపించాను. పెద్దాయన మాటలని చెప్పాను. ఎర్రసిరా చూసి ఆయన టోపీ తీశాడు. తీసి, "ఇది... ఆయనే అన్నారా?" అన్నాడు. అవునండి, మా అన్నయ్య అక్కడే ఉండి విన్నాడండి అన్నాను. గోడ మీది మాటలూ, నీ పేరూ, తెనాలి అడ్రసూ రాసుకున్నాడు. "నిర్ధారణ కోసం పెద్దాయనకే రాస్తాం. ఆయన అనలేదంటే ఆ పూటే దుంగలు తీయిస్తాం" అని వెళ్ళిపోయాడు. రాయనీ, మనకేం భయం.

ఈసారి కాస్త ఘాటుగా ఉన్న ఎర్రమాట పంపు. ఇక్కడివి పాతబడ్డాయి.

చేలు ఈనిక మీదున్నాయి. ఈ ఏడు పంట బాగుంటుంది.

రాఘవమ్మ


తెనాలి,
3-11-1967

అమ్మా రాఘవమ్మా,

నువ్వు కూచుని ఈ ఉత్తరం చదివించుకో. రిబ్కా పంతులమ్మా, దయచేసి కిటికీలు మూసి చదువు.

నిన్న పెద్దాయన సహాయకుడు టైపు కొట్టిన కాగితం ఒకటి పంపాడు. "తమరు బాపట్ల ఉపన్యాసంలోనివని చెప్పిన ఐదు వాక్యములు ఆయనకు గుర్తులేవు. ఈ నెల పంతొమ్మిదిన ఆయన బాపట్లలో బస చేయుదురు. వచ్చి వివరించగలరు" అని ఉంది. హైమావతి చదివి, వెళ్ళి నా ధోవతి ఉతకడం మొదలుపెట్టింది.

ఇంక దాచి లాభం లేదు. ఆ రోజు సభ మొదలయ్యే వేళకి బాపట్లలో కరెంటు పోయింది. మైకు కోసం ఆయిల్ ఇంజను తెచ్చారు. అది స్టార్ట్ అవలేదు. అక్కడెవడో, "ఈయన మిల్లు ఇంజను డ్రైవరండి" అని నన్ను పట్టించాడు. వేదిక వెనకాల తెర పక్కన, గంటసేపు, ఆ ఇంజను ఆగిపోకుండా నేను పట్టుకుని కూచున్నాను. దాని చప్పుడులో నాకు నా దగ్గే వినపడలేదు. పెద్దాయన వీపు మాత్రం చూశాను. చెయ్యి మూడుసార్లు పైకెత్తాడు.

అంత దూరం వెళ్ళి ఏమీ వినలేదని చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. ఆయన చెయ్యి ఎత్తిన తీరు చూస్తే ఇలాంటివే అని ఉంటాడనిపించింది. మొదటి రెండూ అలా రాశాను. మిగతావి నీ ఉత్తరాలు చదివి రాశాను. ఐదూ నావే.

ఇప్పుడు నా సలహా ఒకటే. గోడ మీది కాగితాలు చింపేసి, బల్లి తిందని చెప్పండి. పంతొమ్మిదిన నేను బాపట్ల వెళ్ళలేను. భుజం నొప్పిగా ఉంది. రెండూ.

బసవేశ్వరరావు


అడవులదీవి శివారు,
11-11-1967

అన్నయ్యా,

బల్లులు కాగితాలు తినవు. రిబ్కా అలాగే చెప్పమంది.

నీకు సిగ్గుందా అని అడుగుదామనుకున్నాను. మీ బావ వద్దన్నారు. అందుకని అడగడం లేదు, ఉందనుకుంటున్నాను. ఆ దుంగలు నీ మాటల మీద నిలబడి ఉన్నాయి. నువ్వు వెళ్ళకపోతే ఆయన "నేననలేదు" అని ఒక్క ముక్క రాసి పడేస్తాడు. ఆ మర్నాడు ఆఫీసాయన మనుషుల్ని తీసుకొస్తాడు. అవతల చేలు పసుపు తిరుగుతున్నాయి. ఇరవై రోజుల్లో కొడవలి పడుతుంది. వంతెన లేకపోతే మా పదకొండు ఎకరాలూ, ఊరి చేలూ అవతలే. లాజరుకి ఉన్నదల్లా ఆ ఎకరన్నరే.

వెళ్ళు. వెళ్ళి కాళ్ళ మీద పడతావో, నిజం చెప్తావో, ఇంకో ఐదు కల్పిస్తావో నీ ఇష్టం. దుంగలు పీకకూడదు. అంతే.

ఉత్తరమంతా చెప్పించాక, ఏమన్నా రాయించాలా అని మీ బావని అడిగాను. "వెళ్ళమను" అన్నారు. ఆయన అంత గట్టిగా అనడం నేనెప్పుడూ వినలేదు.

రాఘవమ్మ

(అయ్యగారూ, మీ గుట్టు నా దగ్గర భద్రంగా ఉంది. కానీ గోడ మీదివి తియ్యబుద్ధి కావడం లేదు. ఎవరివైనా బాగున్నాయి కదండీ. - రిబ్కా)


తెనాలి,
20-11-1967

రాఘవమ్మకి,

వెళ్ళాను. వెళ్ళిన సంగతి వరసగా చెప్తాను, మధ్యలో తొందరపడి బావగారిని పిలవకు.

ధైర్యం కాళ్ళలో ఉంటుందని రాసింది నేనే గదా. నా కాళ్ళు ఆ మాట చదివినట్టు లేవు. బాపట్ల స్టేషన్ నుంచి బంగళా దాకా మూడుసార్లు చెప్పుల వారు సరిచేసుకునే నెపంతో ఆగాను. ఒకచోట చెప్పులు విప్పేసి కూచున్నాను కూడా. మీ వదిన వెంట వచ్చింది, లేకపోతే అక్కణ్ణుంచే తిరిగొచ్చేవాణ్ణి. "ఆయనేం మింగేస్తాడా? మహా అయితే తిడతాడు. తిట్లు మీకేం కొత్త, నా దగ్గర అలవాటే కదా" అంది.

పెద్దాయన వరండాలో ఇడ్లీ తింటున్నాడు. ఇడ్లీ అంచులు తీసేసి మధ్యది మాత్రమే తింటాడు, పళ్ళు లేవు.

"ఇంజను పట్టుకున్నది నువ్వేనా?" అన్నాడు, నేను నోరు తెరవకముందే.

"తమకెలా తెలుసండీ?"

"గంటసేపు నా వీపు వెనక మోగిందయ్యా. నేను చెప్పింది నాకే వినపడలేదు. ఏం చెప్పానో మీ చెల్లెలి ఊళ్ళో గోడ మీద చదువుకోవాల్సి వచ్చింది."

ఇంక ఆగలేక అంతా చెప్పేశాను. తెర దగ్గర్నుంచి బల్లి దాకా. "అవి తమరన్నవి కావండి. నేనన్నవండి. తప్పయిపోయింది. తిట్టేదేదో నన్ను తిట్టండి, ఆ దుంగలు మాత్రం తీయించొద్దండి. ఊరి పంట అవతల ఉందండి" అన్నాను. గొంతు వణికింది. వణకలేదని చెప్దామనుకున్నాను గానీ పక్కన హైమావతి ఉంది, నీకు రాసేస్తుంది.

ఆయన చెయ్యి కడుక్కుని, ఆఫీసువాళ్ళు పంపిన నకలు తెప్పించుకుని, భూతద్దం పెట్టి చదివాడు. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చూశాడు.

"మొదటిది పరవాలేదు. రెండోది నేనూ అనుండొచ్చు. పందిరిది మొరటుగా ఉంది." తర్వాత నాలుగో దాని మీద వేలు ఆపేశాడు. "మన జాతి శీలం పట్టింది వదలకపోవడమా? ఏమయ్యా, ఎక్కడ చూశావు అలాంటి జాతిని?"

నేను హైమావతి వంక చూశాను.

"ఆ రోజు నేను చెప్పింది సరిగ్గా దీనికి తిరగేసి. మనవాళ్ళకి ధైర్యం కావలసినంత ఉంది, కొబ్బరికాయ కొట్టేదాకా మనల్ని మించినవాడు లేడు, కొట్టాక కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని ఎవడింటికి వాడు పోతాడు అన్నాను. నలభై ఏళ్ళు చూసి చెప్పాను. ఢిల్లీలోనూ అంతే, మీ ఊళ్ళోనూ అంతే. సరే, వంతెన అయిందా?"

"చాలామటుకు అయిందండి."

"అయిందా?"

"లేదండి. నలభై మంది మొదలుపెట్టారండి. ఇప్పుడు ముగ్గురున్నారండి."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మొహం చిన్నబోయింది, మనింట్లో ఎవరికో ఒంట్లో బాలేదని విన్నట్టు. ఇలా అన్నాడు: "వచ్చే నెల పన్నెండున నాకు రేపల్లెలో పనుంది. అటు వచ్చి చూస్తాను. వంతెన పూర్తయి ఉంటే ఆ నాలుగో మాట నాది, ఆఫీసువాళ్ళకి నేనే చెప్తాను. పూర్తవకపోతే అది నీది. అప్పుడు వాళ్ళు దుంగలు తీసుకుంటారు, నేను అడ్డం రాను."

"తమరలా అంటే ఎలాగండీ" అన్నాను.

"నాకూ ఆ మాట నాదవాలనే ఉందయ్యా. నలభై ఏళ్ళనుంచీ" అన్నాడు.

కాబట్టి గురువారం బండికి వస్తున్నాను. ఆదివారం బడి దగ్గర అందర్నీ పోగెయ్యి. ఏం చెప్పాలో తెలియదు. ఎర్రసిరా మాత్రం తేవడం లేదు.

బసవేశ్వరరావు


అడవులదీవి శివారు,
20-12-1967

అన్నయ్యకి,

నువ్వు క్షేమంగా చేరినట్టు వదిన రాసింది. నడుం పట్టేసి మంచం దిగడం లేదని కూడా రాసింది. రెండు రోజుల్లో పదకొండు తట్టలు మోశావు, అరవై రెండేళ్ళకి అది చాలు. ఊళ్ళో చెప్పుకునేటప్పుడు ఇరవై అంటున్నారు. నేను కాదనడం లేదు.

నువ్వు ఆదివారం బళ్ళో నిలబడి, ఎర్రసిరా నాదేనని ఒప్పుకుని, పెద్దాయన అసలు మనల్ని ఏమన్నాడో చెప్పావు చూడు, కొబ్బరి ముక్క సంగతి. పక్కరోజు నీతో పాటు మట్టి మోయడానికి ఆరుగురే వచ్చారు, నువ్వు మొహం వేలాడేసుకుని బుధవారం రైలెక్కావు. అసలు సంగతి నువ్వెళ్ళాక జరిగింది.

గురువారం పొద్దున చెరువు గట్టు మీద ఎవరో లాజరుని, "ఏంటయ్యా ఇంకా దుంగలు పరుస్తున్నావా?" అని అడిగారట. "మీరు కొబ్బరి ముక్కలు తినండయ్యా, నేను పరుస్తాను" అన్నాడట. అంతే. ఆ మాట మధ్యాహ్నానికి అన్ని ఇళ్ళకీ చేరింది. "మమ్మల్నంటాడా ఆ ముసలాయన? వంగతోటలో కూచుని మమ్మల్నంటాడా?" అని ఒక్కొక్కరూ పలుగులతో వచ్చారు. పొగిడితే నలభై మంది వచ్చారు. తిడితే డెబ్భై ఇద్దరు వచ్చారు. నువ్వు మొదటే తిట్టి ఉండాల్సింది.

కోతలు ఒక పక్క, వంతెన ఒక పక్క. ఎవరూ ఇంటికి పోలేదు. ఒకరు బీడీ ముట్టించినా, పక్కవాడు, "కొబ్బరి ముక్కా?" అంటున్నాడు. తొమ్మిదో తారీకుకి మట్టితో సహా అయిపోయింది. ఆఖరి దుంగ ఎవరు పరచాలని కొట్టుకోబోతే మీ బావ పరిచేశారు.

పన్నెండున పెద్దాయన వచ్చారు. కారు ఊరి బయట ఆపి, కర్ర పట్టుకుని నడిచి వచ్చారు. ఆఫీసాయన వెనకాల ఫైలుతో ఉన్నాడు. ఆయన వంతెన మీద అవతలి ఒడ్డు దాకా వెళ్ళారు. అక్కడ కాసేపు నిలబడి చేలు చూశారు. మళ్ళీ ఇటు వచ్చారు. వచ్చి ఆఫీసాయనతో, "ఆ నాలుగో మాట నేనే అన్నాను. రాసుకో" అన్నారు. ఆఫీసాయన రాసుకున్నాడు. మావాళ్ళు దణ్ణం పెట్టలేదు, కొంచెం కోపంగానే నిలబడ్డారు. ఆయనకి అది బాగా నచ్చినట్టుంది.

లాజరు కొబ్బరిబోండాం కొట్టి ఇవ్వబోయాడు. వద్దన్నారు.

నీ గురించి అడిగారు. నడుం సంగతి చెప్పాను. రిబ్కాకి గోడ మీది కాగితాలు చూపించమన్నారు. మొదటి దాని దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

నిన్న మొదటి బండి కట్టాం. మా చేలో కుప్ప నుంచి నిండా ఎక్కించారు. మీ బావ ముందు నడిచారు. ఊరంతా ఒడ్డు మీదున్నారు. సరిగ్గా మధ్యకి వచ్చాక ఎడమపక్క ఎద్దు ఆగిపోయింది. అందరూ చక్రాల కింది దుంగల వంకే చూశారు. అది మూత్రం పోసింది. తర్వాత ఇవతలికి నడిచింది.

నీ చెల్లెలు,
రాఘవమ్మ